నీళ్లు రాని రోజు మోటారు

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకది లేదు. ఒకటో తరగతిలో నా పలక పగలగొట్టిన పిల్ల ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. బజారులో ఎదురైతే నవ్వుతూ పలకరిస్తుంది. నేనూ నవ్వుతూనే పలకరిస్తాను, కానీ లోపల ఆ పలక గుర్తుంటుంది. అలాంటి నన్ను మా పెదనాయన కొడుకు చుట్టాలందరిలో తొండిదాన్ని చేసి కూర్చోబెట్టాడు. ఆ పగ ఎలా తీర్చుకున్నానో చెప్తాను. చివర్లో నేను పశ్చాత్తాపపడతానేమోనని ఎదురుచూసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

మార్కాపురంలో మాది ఒకప్పుడు ఒకటే ఇల్లు. తాత పోయాక పెదనాయనా, నాయనా పంచుకున్నారు. వీధి వాకిలి నుంచి పెరటి దాకా నడిమధ్యన గోడ లేచింది. పెదనాయనకు ఎరువుల దుకాణం, మా నాయనకు ఇనుప సామాను దుకాణం వచ్చాయి. పంపకాల రోజున ఎవరో ఒకరు నోరు జారారు, అప్పటినుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. పెద్దమ్మా అమ్మా మాత్రం గోడ మీదుగా గిన్నెలు మార్చుకునేవాళ్లు. పంచుకోకుండా మిగిలింది కరెంటు ఒక్కటే. కొత్త కనెక్షన్ కావాలంటే ఇద్దరూ కలిసి కరెంటాఫీసుకు పోయి సంతకాలు పెట్టాలి. కలిసి పోవడానికి ఇద్దరికీ మొహం చెల్లలేదు. పెదనాయన ఇంటి మీటరు దగ్గర్నుంచి గోడకు కన్నం పెట్టి, పాత వైరు ఒకటి మా వైపుకి లాగి, దానికో చిన్న మీటరు తగిలించి చేతులు దులుపుకున్నారు. మా ఇల్లంతా ఆ వైరు మీదే నడిచేది.

కొత్త జిల్లాలు గీసి, మా ఊరు మాత్రం ప్రకాశంలోనే ఉండిపోయిన రోజులవి. నేను డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. చదువు కోసమే నాయన కంప్యూటరు కొనిచ్చాడు. చదివిన మాట నిజమే. ఆడిన మాట ఇంకా నిజం. కార్ల పందెం ఆట అంటే నాకు పిచ్చి. గోడకవతల అన్న దగ్గర కూడా అదే ఆట ఉండేది. పెద్దవాళ్లకు మాటల్లేకపోయినా మేమిద్దరం ఇంటర్నెట్లో కలిసి పరుగులు తీసేవాళ్లం. ప్రతి ఆదివారం అన్నాలయ్యాక పందెం. ఫోన్లలో గ్రూపు కాల్ పెట్టుకుని మిగతావాళ్లు వినేవాళ్లు. అన్నకు తోడబుట్టిన అక్కను గిద్దలూరులో ఇచ్చారు, ఆమె ఒకతె. కురిచేడులో ధాన్యం వ్యాపారం చేసే పెద్ద మేనత్త కొడుకు ఒకడు. దోర్నాలలో హోటలు నడిపే చిన్న మేనత్త కొడుకు ఇంకొకడు. శ్రీశైలం బస్సు ఆగినంతసేపూ దోసెలు పోయించి, బస్సు కదలగానే ఫోను అందుకునేవాడు. ఈ ఇద్దరూ నాకు బావలు.

మొదట్లో అన్నే గెలిచేవాడు. కొన్నాళ్లకు నాకు చెయ్యి తిరిగింది, వరసగా ఓడించడం మొదలుపెట్టాను. అప్పుడు వచ్చింది జబ్బు. చివరి చుట్టులో నా కారు ముందుంది, గీత కనిపిస్తోంది, ఉన్నట్టుండి తెర నల్లబడిపోయింది. కంప్యూటరు దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదటినుంచి లేవడం మొదలుపెట్టింది. ఆట నియమం ప్రకారం మధ్యలో పోయినవాళ్లు ఓడినట్టే. ఎదుటి మనిషి ఆట వదిలి వెళ్లిపోయినట్టు అన్న తెర మీద పడింది. వాడు దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు.

మొదటిసారి అందరూ అయ్యో అన్నారు. ఆ తర్వాత ఆదివారం మళ్లీ అదే జరిగింది. ఒక వారం వదిలి మళ్లీ. ఎప్పుడు ఆగుతుందో తెలియదు, ఎందుకు ఆగుతుందో తెలియదు.

"వంపు దగ్గర నేను దాటేసినా, అంతే, వైరు పీకేసింది" అన్నాడు అన్న గ్రూపు కాల్‌లో.

"నువ్వు దాటలేదు. నేనే ముందున్నా" అని అరిచాను.

"ముందుండేదానివి ఎందుకు పోయినావు చెల్లీ మరి?"

"ఏం మరదలా, ఓడిపోయేటప్పుడే నీ కంప్యూటరుకు నిద్రొస్తుందా?" అన్నాడు దోర్నాల బావ. వెనక నుంచి గిన్నెల చప్పుడుతో పాటు నవ్వులు కూడా వినిపించాయి.

ఆ రోజు నుంచి నాకు ఓడితే వైరు పీకేది అని పేరు పడింది. గ్రూపులో ఎవరి పుట్టినరోజు వచ్చినా, ఎవరికి ఉద్యోగం వచ్చినా, చివరికి మాట నా వైరు దగ్గరికే వచ్చేది. గిద్దలూరు అక్క గృహప్రవేశానికి పోతే, వంటల దగ్గర ఎవరో ముక్కూమొహం తెలియని ఆమె "ఆటలో ఓడితే వైరు పీకే పిల్లంటే ఈమేనా?" అంది. అక్క అవునని తలూపి, విస్తళ్లు సర్దుకుంటూ నవ్వింది. నాకు అన్నం సయించలేదు.

అవన్నీ ఒక ఎత్తు. తిరుగు ప్రయాణంలో, కంభం దాటాక, నాయన కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగిన మాట ఒక ఎత్తు.

"ఆట మాట ఆటతోనే పోతదిలే. కానీ నాకు నిజం చెప్పమ్మా. పీకినావా?"

లేదన్నాను. సరేలే అన్నాడు. ఆ సరేలేలో నమ్మకం లేదు. దుకాణంలో తూకం దగ్గర ఒక్క మేకు తేడా వచ్చినా పిలిచి ఇచ్చే మనిషి. ఆయన కూతురు తొండి ఆడుతుందని ఆయన నమ్మాడు. అన్నను నేను చంపుదామనుకున్నది ఆ కిటికీ పక్కనే. నా పేరు నాకు తిరిగి రావాలంటే ఆ కంప్యూటరు ఎందుకు ఆగిపోతుందో నేనే తేల్చాలి.

ముందు ఆటను తీసేసి మళ్లీ ఎక్కించాను. ఆగింది. కంప్యూటరు మొత్తం తుడిచి మళ్లీ మొదటినుంచి అన్నీ ఎక్కించాను. ఆగింది. పక్క రేకు విప్పి చూస్తే లోపల మా ఊరి దుమ్ము పలకల గనిలో ఉన్నట్టే ఉంది. పెయింటు బ్రష్షుతో దులిపాను. ర్యామ్ ముక్కను ఊడబీకి, దాని ఇత్తడి రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూశాను. వేడెక్కుతుందేమోనని టేబుల్ ఫ్యాను దానికి పెట్టి నేను చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాను. అప్పుడూ ఆగింది. కంప్యూటరు లోపల అది తనకు జరిగినవన్నీ రాసుకునే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ చూస్తే, ఉన్నట్టుండి ఆరిపోయాను, కారణం తెలియదు అన్నట్టుగా రాసుంది. దానికే తెలియదు, నాకేం తెలుస్తుంది?

కాలేజీ రోడ్డులో రిపేరు షాపులో ఇస్తే పవర్ సప్లై డబ్బా మార్చి, రోజంతా అదే ఆట ఆడించి చూశారు. ఒక్కసారీ ఆగలేదు. "సిస్టమ్‌కేం లేదు మేడం, మీ ఇంట్లోనే ఏదో ఉంది" అన్నాడు షాపతను. అమ్మ ఆ మాట పట్టుకుంది. ఈశాన్యంలో కంప్యూటరు పెడితే అంతేనని, బల్లను ఆగ్నేయం మూలకు జరిపించింది. వాస్తు మార్చాక వచ్చిన మొదటి ఆదివారమే మళ్లీ ఆగింది. గ్రూపులో మళ్లీ ఫొటో.

ఇంతా చేసి కరెంటును మాత్రం ఎవరం అనుమానించలేదు. ఎందుకంటే కరెంటు పోతే లైటు పోవాలి, ఫ్యాను ఆగాలి. అవి ఎప్పుడూ ఆగలేదు. వాటికి ఇన్వర్టర్ ఉంది. కంప్యూటరును మాత్రం బ్యాటరీ తాగేస్తుందని అమ్మ ఇన్వర్టర్ మీద పెట్టనివ్వలేదు, మామూలు ప్లగ్గుకే ఉండేది.

నా చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోను తెగిపోవడమే నాకు కలిసొచ్చింది. ఆ ఆదివారం చెవులు ఖాళీగా పెట్టుకుని ఆడాను. చివరి చుట్టులో, ముందు గదిలో ఇన్వర్టర్ టక్కుమంది. ఆ వెంటనే నా తెర నల్లబడింది.

"అమ్మా, ఇన్వర్టర్ ఎందుకట్ల కొట్టుకుంటుంది?"

"అది అప్పుడప్పుడు టక్కుమంటానే ఉంటదిలే. కరెంటు తగ్గితే బ్యాటరీకి మారతది" అంది అమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

నేను లేచి నిలబడ్డాను. గోడకవతల నుంచి ఒక చప్పుడు వస్తోంది. మోటారు చప్పుడు.

మా ఊళ్లో కుళాయి నీళ్లు రోజూ రావు. కొన్ని రోజులకోసారి, పొద్దున పూట ఒక గంట. ఆ గంటలో వీధి వీధంతా కుళాయి గొట్టానికే మోటారు బిగించి నీళ్లు లాగుతుంది. మోటారు లేని ఇంటికి నీళ్లు రావు, పక్కిళ్ల మోటార్లు లాగేసుకుంటాయి. అలా బిగించడం తప్పు, మున్సిపాలిటీవాళ్లు చూస్తే ఊడబీక్కుని పోతారు. అందుకని ప్రతి ఇంట్లో మోటారు మీద ఒక గంపో గోనెసంచో బోర్లించి ఉంటుంది. అడిగితే ఎవరింట్లోనూ మోటారు లేదు. మా ఇంట్లో కూడా లేదు. నీళ్లు లాగే మోటారు చప్పుడు ఒకటి, వట్టి గాలి లాగే మోటారు చప్పుడు ఒకటి. ఆ తేడా మా ఆడవాళ్లకు పొయ్యి దగ్గర్నుంచే తెలుస్తుంది. ఆ రోజు నీళ్లొచ్చే రోజు కాదు. అవతల మోటారు వట్టి గాలి లాగుతూ కీచుమంటోంది.

మిద్దె మీదికి పోయి పిట్టగోడ మీదుగా తొంగిచూశాను. పెద్దమ్మావాళ్ల పెరట్లో బోర్లించిన గంప వణుకుతోంది. కుళాయి దగ్గర బిందె లేదు, డ్రమ్ము లేదు, మనిషి లేడు. నేను చూస్తుండగానే వణుకు ఆగిపోయింది. చేతిలోని ఫోనులోంచి వాడి గొంతు వచ్చింది.

"మళ్లీ పీకినావేంది చెల్లీ?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మోటారు వేయగానే ఆ పాత వైరు మీద కరెంటు పడిపోతుంది, నా కంప్యూటరు ఆరిపోతుంది. వాడి కంప్యూటరు వాళ్లింటి ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి వాడికేం కాదు. ఏదో ఒక నీళ్లరోజున అనుకోకుండా కనిపెట్టి ఉంటాడు. కనిపెట్టాక వదల్లేదు. నేను ర్యామ్ పళ్లు తోముతుంటే, అమ్మ వాస్తు చూస్తుంటే, నాయన నన్ను అనుమానిస్తుంటే, వీడు స్విచ్ దగ్గర నవ్వుకుంటున్నాడు.

అప్పుడే అరిచి గోల చేయొచ్చు. చేయలేదు. మరుసటి ఆదివారం కావాలని ఓడిపోయాను. మోటారు మోగలేదు. ఆ పై ఆదివారం గెలవబోయాను. మోగింది. ఇక అనుమానం లేదు. నాయనకు చెప్తే, "మాటల్లేని ఇల్లమ్మా అది. నువ్వు మిద్దెక్కి చూసినానంటే వాళ్లొప్పుకుంటారా? మళ్లీ రచ్చ ఎందుకు?" అన్నాడు. అంటే ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదు. వాడి నోటితో చెప్పిస్తే తప్ప కుదరదు.

దుకాణం నుంచి మంచి వైరు తెచ్చి, ఇన్వర్టర్ ప్లగ్గు నుంచి గోడ వెంబడి కంప్యూటరు దాకా లాగాను. బ్యాటరీ అని అమ్మ మొత్తుకుంది, మొత్తుకోనిచ్చాను. నీళ్లు రాని ఆదివారం ఒకటి చూసుకుని, అన్నింటికంటే పొడుగు పందెం పెట్టమని గ్రూపులో సవాలు విసిరాను. "ఈసారి వైరుకు తాళం వేసుకో" అన్నాడు కురిచేడు బావ. నవ్వాను.

సగం దాకా వాణ్ని ముందు పోనిచ్చాను. తర్వాత దాటాను. ఇన్వర్టర్ టక్కుమంది. నా తెర వెలుగుతూనే ఉంది, నా కారు పోతూనే ఉంది. అవతల మోటారు ఆగింది. మళ్లీ మోగింది. నేను వేగం తగ్గించాను, వాడికి ఆశ చావకుండా ఉండేంత. వాడు మోటారు ఆపలేదు. అది కీచుమనీ కీచుమనీ, చివరికి గొంతు పట్టేసినట్టు మూలిగి ఊరుకుంది. కాలిన రబ్బరు వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. నేను గీత దాటేశాను. ఆ క్షణానే పెద్దమ్మ కేక, గోడ మీదుగా ఒకసారి, ఫోనులోంచి ఒకసారి వినిపించింది.

"ఒరే! ఈరోజు నీళ్లొచ్చే రోజా? వట్టి మోటరు ఎందుకేసినావురా? కాలిపోయింది గదరా!"

గ్రూపు కాల్‌లో అందరూ విన్నారు. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు తిడతారు అని ఎదురుచూశాను. దోర్నాల బావ ఎండలు మండిపోతున్నాయి అన్నాడు. అక్క పాప లేచిందని పెట్టేసింది. గెలిచావని కూడా ఎవరూ అనలేదు. వైరు పీకేది అన్న పేరు మాత్రం నా మీదే ఉండిపోయింది.

రెండు రోజులు పోయాక నీళ్లొచ్చాయి. పెద్దమ్మావాళ్ల మోటారు వైండింగు షాపులో ఉంది. ఎండాకాలం, అక్కడ మోటార్లు కుప్పలుగా పడున్నాయి. మా సంపు నిండింది. అవతల కుళాయి కింద పెద్దమ్మ పెట్టిన బిందెలో చుక్క చుక్క పడుతోంది. ఆమె వీధి చివరి బోరింగుకు రెండు బిందెలు తీసుకుని కుంటుకుంటూ నడవడం కిటికీలోంచి చూశాను. పెద్దమ్మంటే నాకిష్టమే. అయినా కదల్లేదు.

"గోడ మీదుగా పైపు వేసి మోటరెయ్యవే. నీళ్లతో పగలేందే?" అంది అమ్మ.

"నీళ్ల మోటరుతోనే మొదలుపెట్టింది వాళ్లు. వాణ్ని వచ్చి అడగమను."

నేను మా మోటారు ఆపి పెరట్లో స్విచ్ కిందే పీట వేసుకుని కూర్చున్నాను. నీళ్లు ఆగిపోయే వేళ దగ్గరపడుతోంది. గోడ మీద వాడి తల కనిపించింది.

"చెల్లీ, పైపు ఇటెయ్యి. ఒక్క డ్రమ్ము చాలు."

"మా మోటరు పనిజెయ్యదు. వైరు పీకేసినా."

"ఇప్పుడా ఎకసక్కాలు? అమ్మకు మోకాళ్ల నొప్పులు, తెల్సుగదా నీకు."

"వట్టి మోటరు తిప్పినప్పుడు మీ అమ్మ మోకాళ్లు గుర్తు రాలేదా? గ్రూపులో రాయి. ఏం జేసినావో నీ చేత్తో రాయి. రాసినాక నీళ్లు."

తిట్టాడు. నేను పీట మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాను. బతిమాలాడు. నేను గోళ్లు చూసుకున్నాను. నా జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ కూర్చోలేదు. పెద్దమ్మ ఒక బిందె దించిన చప్పుడు వినిపించింది. వాడు వెనక్కి తిరిగి చూసి, ఫోను తీశాడు.

"చెల్లి ఎప్పుడూ వైరు పీకలేదు. ఓడిపోయేటప్పుడల్లా నేనే మోటరేసి దాని కంప్యూటరు ఆపినాను" అని గ్రూపులో పడింది.

పైపు గోడ మీదుగా విసిరి మోటారు వేశాను. అవతల డ్రమ్ములో నీళ్లు ధారగా పడ్డాయి. నాయన దుకాణానికి బయల్దేరుతుంటే ఆపి ఫోను చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"నేను నిన్నట్ల అడిగుండకూడదు తల్లీ" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఇన్ని నెలలు. ఆయన దుకాణానికి వెళ్లాక కూడా ఆ మాట పట్టుకుని పీట మీదే కూర్చున్నాను. ఫోను వరసగా మోగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు జెప్తున్నావేంది సామీ? ఇది మాకు పాత కతే గదా" అని దోర్నాల బావ.

"మొదటి రోజే వాడు మాకు ఫోన్ జేసి జెప్పినాడు. భలే నవ్వుకున్నాంలే మరదలా" అని కురిచేడు బావ.

ఆ తర్వాత గిద్దలూరు అక్క. "చెప్దామనే అనుకున్నా చెల్లీ. నువ్వు ఉడుక్కుంటుంటే ముచ్చటగుండె, అందుకే చెప్పలేదు."

ఒకటికి నాలుగుసార్లు చదివాను. నేను తొండి ఆడానని వీళ్లు నమ్మారనుకుని కుమిలిపోయాను. వీళ్లెవరూ ఒక్క రోజు కూడా నమ్మలేదు. గృహప్రవేశంలో ఆ ఆడమనిషి అడిగినప్పుడు, తలూపిన అక్కకు నిజం తెలుసు. అందరిలోనూ నిజంగా నమ్మిన మనిషి ఒక్కడే, మా నాయన.

"చాలు తల్లీ, నిండింది" అని అవతల నుంచి పెద్దమ్మ కేకేసింది. మోటారు ఆపాను. అన్నతో నా లెక్క అయిపోయింది. ఫోను ఒళ్లో పెట్టుకుని, ముగ్గురిలో ఎవరితో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ అక్కడే కూర్చున్నాను.